రెండోసారి వెలిగించే ముందు

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: ఈసారి ఫర్నేస్ బర్నర్లు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి కాబట్టి వాటిని ఒక్కచోట పెట్టాను. రాసినవాళ్ల పేర్లు, వాళ్ల షెడ్ల పేర్లు వేయలేదు, ఉద్యోగాలకు ఇబ్బంది వస్తుందని.

ప్రశ్న: మా షెడ్డు మడికొండ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఉంది సార్. ఫర్నేస్ ఆయిల్ మీద నడుస్తది. బట్ట చుట్టిన కాగడాతో బర్నర్ వెలిగిస్తం. పోయిన వారం పొద్దుగాల మొదటిసారి అంటుకోలేదు, ఆయిల్ కొంచెం పెంచి మళ్లీ కాగడా పెట్టినం. ఢాం అని పేలి తలుపు ఊడి పడ్డది, మా ఆపరేటర్ కనుబొమ్మలు, ముంజేయి కాలినయ్. మెకానిక్ వచ్చి బర్నర్ మంచిగనే ఉందంటున్నడు. మరి తప్పు ఎక్కడ?

జవాబు: ముందు ఆ ఆపరేటర్‌ని కళ్ల డాక్టర్‌కి చూపించండి. కనుబొమ్మలు కాలాయంటే మంట కళ్లదాకా వచ్చినట్టే.

బర్నర్ మంచిదే అయ్యుంటుంది. మొదటిసారి అంటుకోనప్పుడు లోపలికి వెళ్లిన ఆయిల్ ఏమైందో చూడండి. కొంత బర్నర్ బ్లాక్ (బర్నర్ నోటి చుట్టూ ఉండే ఇటుక) మీద, కొంత నేల ఇటుకల మీద పడి ఉంది. ముందురోజు నడిచిన ఫర్నేస్ అయితే ఆ ఇటుకలు ఇంకా వేడిగానే ఉంటాయి, వాటి మీద ఆయిల్ ఆవిరై గాలితో కలిసి ఫర్నేస్ అంతా నిండుతుంది. మీరు పెట్టిన రెండో కాగడా బర్నర్ ఒక్కదాన్నే కాదు, ఆ గదంతా నిండిన ఆవిరిని ఒక్కసారిగా అంటించింది. ఇంట్లో స్టవ్ లైటర్ నాలుగుసార్లు కొట్టినా వెలగకపోతే అమ్మ ఏం చేస్తుంది? నాబ్ కట్టేసి, కిటికీ తీసి, వాసన పోయాకే మళ్లీ ముట్టిస్తుంది. ఫర్నేస్ దగ్గర మాత్రం మనకి అంత ఓపిక ఉండదు. షిఫ్ట్ మొదలైంది, మెటల్ కరగాలి, పైనుంచి ఫోన్లు. ఈ టెన్షన్‌లోనే రెండో కాగడా పెడతారు, ప్రమాదాలు ఎక్కువగా అక్కడే జరుగుతాయి.

కాబట్టి మంట పట్టలేదంటే చేయాల్సిన మొదటి పని ఆయిల్ వాల్వ్ మూయడం. పెంచడం కాదు. బ్లోయర్ ఆపొద్దు, చిమ్నీ డ్యాంపర్ (పొగ దారిని మూసే, తెరిచే పలక) పూర్తిగా తీయండి, తలుపు తీసి ఉంచండి, లోపలి ఆవిరంతా గాలితో బయటికి పోనివ్వండి. పరిశ్రమల్లో దీన్ని పర్జ్ అంటారు. ఫర్నేస్‌ల భద్రత మీద అమెరికాలో వాడే ఎన్‌ఎఫ్‌పీఏ 86 ప్రమాణం ప్రకారం వెలిగించే ముందు ఫర్నేస్ లోపలి ఖాళీకి కనీసం నాలుగు రెట్ల తాజా గాలి దాని గుండా పోవాలి. మీరే లెక్క వేసుకోవచ్చు. లోపల 2 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు ఉంటే 3 ఘనపు మీటర్లు, నాలుగు రెట్లంటే 12. బ్లోయర్ ప్లేటు మీద గంటకు 600 ఘనపు మీటర్లు అని ఉంటే నిమిషానికి 10, అంటే నిమిషంపైన కొంచెం పడుతుంది. అయితే పాత బ్లోయర్ ప్లేటు మీద రాసినంత గాలి ఇవ్వదు, మూలల్లో ఆవిరి అంత తొందరగా కదలదు. 5 నిమిషాలు గడియారం చూసి ఆగండి. రోజూ పొద్దున వెలిగించే ముందు కూడా అంతే, రాత్రంతా వాల్వ్ కారి ఉండొచ్చు. ఇంకో మాట. నేల మీద ఆయిల్ మడుగు కట్టి ఉంటే గాలి దాన్ని తీసెయ్యలేదు, అది ఆవిరి విడుస్తూనే ఉంటుంది. ఫర్నేస్ చల్లారాక ఇసుక పోసి ఎత్తేసి, ఆ తర్వాతే మళ్లీ మొదలుపెట్టండి.

వెలిగించేటప్పుడు వరస ఇది. బ్లోయర్, పర్జ్, తర్వాత గాలి తగ్గించడం, ముందు కాగడా లేదా పైలట్ మంట (బర్నర్‌ని అంటించే చిన్న మంట) నాజిల్ ముందు, అంటే ఆయిల్ చిమ్మే కొస ముందు, నిలకడగా ఉండాలి, అప్పుడే ఆయిల్ కొద్దిగా వదలాలి. ఆయిల్ ముందు వదిలి కాగడా వెతుక్కోవడం చాలా షెడ్లలో ఉన్న అలవాటు, దయచేసి ఈ రోజు నుంచే మానేయండి. పది సెకన్లలో అంటుకోలేదా, ఆయిల్ మూసి మళ్లీ మొదటి నుంచి. ఆపరేటర్ పీప్ హోల్‌కి (లోపలి మంట చూసే రంధ్రానికి), తలుపుకి ఎదురుగా నిలబడకూడదు, పక్కన నిలబడి పొడవాటి రాడ్‌తో పెట్టాలి. ఇటుకలు ఎర్రగా ఉన్నాయి కదా, వాటి వేడికే అంటుకుంటుందిలే అని కాగడా లేకుండా ఆయిల్ వదలడం ఇంకా ప్రమాదం. ఆ ప్రమాణంలోనే మంటని కనిపెట్టే సెన్సర్ అక్కర్లేదని చెప్పే హద్దు 760 డిగ్రీల సెల్సియస్, అది కూడా ఆ వేడిని నమ్మకంగా కొలిచే ఏర్పాటు ఉంటేనే. కంటికి ముదురు ఎరుపుగా కనిపించే ఇటుక అంతకంటే చల్లగా ఉండొచ్చు.

ఆపేటప్పుడు దీనికి తలకిందులు: ముందు ఆయిల్, తర్వాత గాలి. ఆయిల్ ఆపాక కొన్ని నిమిషాలు బ్లోయర్ నడవనివ్వండి, వీలుంటే నాజిల్ గన్ వెనక్కి లాగండి. లేకపోతే ఫర్నేస్ సెగకి నాజిల్ కొసలో మిగిలిన ఆయిల్ బొగ్గులా గట్టిపడిపోతుంది, రేపు పొద్దున అంటుకోకపోవడానికి అదే కారణం అవుతుంది. మీకు ఆ రోజు మొదటిసారి ఎందుకు అంటుకోలేదో కూడా బహుశా ఇక్కడే దొరుకుతుంది, నాజిల్ విప్పి చూడండి.

ప్రశ్న: అన్నా, నేను హన్మకొండలో బేకరీల ఓవెన్ కాడ పనిచేస్త. డీజిల్ బర్నర్. ఇంతకుముందు ఎర్రలైటు వచ్చి ఆగిపోయేది, నాలుగైదుసార్లు బటన్ నొక్కితే అంటుకునేది. ఫొటోసెల్ ఖరాబైందని మెకానిక్ కంట్రోల్ బాక్స్ తీసేసి మోటార్‌కి, ఆయిల్ వాల్వ్‌కి డైరెక్ట్ స్విచ్ ఇచ్చిండు. ఇప్పుడు బాగనే నడుస్తుంది కానీ నాకెందుకో భయమైతుంది. ఓనర్‌కి ఎట్ల చెప్పాలె?

జవాబు: తమ్ముడూ, నీ భయం నిజమైనదే. దాన్ని పక్కన పెట్టొద్దు.

ఆ చిన్న బాక్స్ చేసే పని ఏంటంటే, స్విచ్ వేయగానే ముందు కాసేపు గాలి ఒక్కటే ఊదుతుంది, తర్వాత స్పార్క్ ఇస్తుంది, తర్వాత ఆయిల్ వాల్వ్ తెరుస్తుంది. 5 నుంచి 10 సెకన్లలో ఫొటోసెల్‌కి మంట వెలుతురు కనపడకపోతే ఆయిల్ కట్ చేసి ఎర్రలైటు వేస్తుంది. మధ్యలో మంట ఆరినా అంతే. ఇప్పుడు మీ ఓవెన్‌లో మంట ఆరితే డీజిల్ ఆగదు. వేడి చాంబర్‌లోకి స్ప్రే అవుతూనే ఉంటుంది, నువ్వు ముందువైపు ట్రేలు పెట్టుకుంటూ ఉంటావు, నీకు తెలిసేసరికి చిమ్నీ నుంచి తెల్లటి పొగ, డీజిల్ వాసన. ఆ వాసన వచ్చినప్పుడు స్విచ్ ఆపి మళ్లీ వేశావంటే మడికొండ ఆపరేటర్‌కి జరిగిందే నీకు జరుగుతుంది, పైగా బేకరీలో పక్కన కస్టమర్లు ఉంటారు.

ఎర్రలైటు రిపేర్ చేయాల్సిన జబ్బు కాదు, జబ్బు ఉందని చెప్పేది. అది వచ్చినప్పుడు ఒక్కసారి రీసెట్ చేయొచ్చు, అది కూడా ఒకటి రెండు నిమిషాలు ఆగి. మళ్లీ వస్తే బటన్ ముట్టుకోకు, మెయిన్ ఆపు, ఎందుకొచ్చిందో చూడాలి. కారణాలు మామూలువే: ట్యాంకులో డీజిల్ అయిపోయి లైన్‌లోకి గాలి పోవడం, ఫిల్టర్ మూసుకుపోవడం, అడుగున నీళ్లు చేరడం, నాజిల్ బ్లాక్ అవడం, ఎలక్ట్రోడ్ల మధ్య సందు మారిపోవడం (సాధారణంగా 3 నుంచి 5 మిల్లీమీటర్లు, బర్నర్ బుక్‌లో చూడాలి), ఫొటోసెల్ అద్దం మీద మసి. చివరిది అయితే పవర్ కట్ చేసి ఫొటోసెల్ బయటికి లాగి మెత్తటి బట్టతో తుడవడమే. ఫొటోసెల్ నిజంగా పోయినా కొత్తది వేయించడం బర్నర్‌లో చవకైన రిపేర్లలో ఒకటి.

ఓనర్‌కి ఇలా చెప్పు: "బాక్స్ మళ్లీ పెట్టించేదాకా నేను ఓవెన్ వెలిగించను, మీరు కూడా వెలిగించొద్దు." గొడవగా కాదు, మెల్లగా, కానీ స్పష్టంగా. ఆ చాంబర్ పగిలితే ఓవెన్ మొత్తం పోతుందని, దుకాణం మూతపడుతుందని కూడా చెప్పు. కావాలంటే ఈ పేజీ చూపించు. బాక్స్ పెట్టించిన రోజు ఒక పరీక్ష చెయ్యమను: బర్నర్ నడుస్తుండగా ఫొటోసెల్ బయటికి లాగి చేత్తో కప్పేస్తే వెంటనే ఆయిల్ కట్ అవ్వాలి. తర్వాత బాక్స్ తనంతట తాను మళ్లీ ప్రయత్నించినా, మంట కనపడదు కాబట్టి చివరికి ఎర్రలైటుతో ఆగాలి. ఈ పరీక్ష నెలకోసారి చేస్తే చాలా మంచిది.

ప్రశ్న: గోదావరిఖనిలో ఐటీఐ చదువుతున్నాను. రామగుండంలో బొగ్గుతో కరెంటు తీస్తారు కదా, అక్కడ ఆయిల్ బర్నర్లు ఎందుకు?

జవాబు: చల్లటి బాయిలర్‌లో బొగ్గు పొడి తనంతట తాను నిలకడగా మండదు. అందుకే ముందు ఆయిల్ గన్లతో బాయిలర్‌ని వేడెక్కించి, తర్వాత బొగ్గు మిల్లులు ఒక్కొక్కటి పెడతారు. లోడ్ బాగా తగ్గినప్పుడు మంట ఆరకుండా మళ్లీ ఆయిల్ సాయం తీసుకుంటారు. నువ్వు గమనించాల్సింది ఇంకొకటి: అలాంటి పెద్ద బాయిలర్లలో కనీసం 5 నిమిషాల పర్జ్ పూర్తి కాకుండా ఇంటర్‌లాక్ (ఒక పని అయ్యేదాకా తర్వాతి పనిని అడ్డుకునే ఏర్పాటు) ఆయిల్ వాల్వ్‌ని తెరవనివ్వదు, ఇంజినీర్ ఎంత తొందరపడ్డా సరే. మొదటి ప్రశ్నలో నేను మనిషి ఓపికకి వదిలేసిన పనిని అక్కడ యంత్రానికి అప్పగించారు. రేపు నువ్వు చిన్న షెడ్డులో చేరినా ఈ సంగతి గుర్తుంచుకో.

ప్రశ్న: కరీంనగర్‌లో మాది ఫోర్జింగ్ ఫర్నేస్. చలికాలం వచ్చిందంటే చిమ్నీ నుంచి నల్ల పొగ. గాలి పెంచితే పొగ పోతుంది కానీ ఆయిల్ ఖర్చు పెరుగుతుంది, మెటల్ మీద పొలుసు కూడా ఎక్కువ వస్తుంది. గాలి ఎంత పెట్టాలి?

జవాబు: పొగ చూడగానే గాలి పెంచడం సహజం, కానీ మీ ఉత్తరంలో "చలికాలం" అనే మాట ఉంది, దాని దగ్గర ఆగుదాం. ఫర్నేస్ ఆయిల్ చల్లబడితే చిక్కబడుతుంది. చిక్కటి ఆయిల్ నాజిల్ నుంచి మంచులా కాకుండా బొట్లుగా వస్తుంది, ఆ బొట్లు పూర్తిగా కాలకుండానే మసి అయిపోతాయి. మంటలో నిప్పురవ్వలు ఎగురుతున్నట్టు కనిపిస్తే అదే గుర్తు. కాబట్టి ముందు ప్రీహీటర్ (ఆయిల్‌ని బర్నర్‌కి పంపే ముందు వేడి చేసే హీటర్) చూడండి. ఫర్నేస్ ఆయిల్ బర్నర్ దగ్గరికి వచ్చేసరికి సుమారు 100 నుంచి 110 డిగ్రీల దగ్గర ఉండాలి, బర్నర్ తయారీదారు వేరే అంకె ఇస్తే అది పాటించండి. హీటర్ దగ్గర 105 చూపించి, బర్నర్ దాకా పైపు బట్ట కూడా చుట్టకుండా బయట గాలికి వదిలేస్తే లాభం లేదు. పైపుకి ఇన్సులేషన్ వేయించి, థర్మామీటర్ బర్నర్ దగ్గర పెట్టండి. అలాగని మరీ వేడి చేస్తే లైన్‌లోనే ఆవిరి బుడగలు లేచి మంట దడదడలాడుతుంది, హీటర్ కాయిల్ మీద బొగ్గు కడుతుంది.

రెండోది బ్లోయర్ జాలీ. ఎనుమాముల మార్కెట్ వైపు, జమ్మికుంట వైపు ఉన్నవాళ్లు పత్తి సీజన్‌లో ఒకసారి బ్లోయర్ నోటి దగ్గర చెయ్యి పెట్టి చూడండి, సన్నటి దూది ఆయిల్ మరకలతో కలిసి ఫెల్టు ముక్కలా పరుచుకుని ఉంటుంది, గోటితో గీకితే పొరపొరగా ఊడి వస్తుంది. గాలి అక్కడే ఆగిపోతోంది, మనమేమో బ్లోయర్ గాలి డ్యాంపర్ ఇంకా తీస్తున్నాం.

ఈ రెండూ సరిగా ఉంటేనే గాలి సంగతి. కిలో ఆయిల్ కాలడానికి సుమారు 14 కిలోల గాలి కావాలి, అంటే దాదాపు 11 ఘనపు మీటర్లు. సరిగ్గా అంతే ఇస్తే సరిపోదు, కలిసే తీరు ఎప్పుడూ పర్ఫెక్ట్‌గా ఉండదు కాబట్టి కొంచెం ఎక్కువ కావాలి. ఎంత ఎక్కువో కంటితో చెప్పలేం, చిమ్నీ గ్యాస్‌లో ఆక్సిజన్ కొలవాలి. సూత్రం సులువు: ఆక్సిజన్ శాతాన్ని 21లోంచి ఆక్సిజన్ శాతం తీసేసిన దానితో భాగించి వందతో గుణించండి. 3 శాతం ఉంటే 3 బై 18, అంటే సుమారు 17 శాతం అదనపు గాలి. ఇది బాగుంది. 8 శాతం ఉంటే 8 బై 13, అంటే 62 శాతం. ఆ గాలినంతా మీ ఆయిల్‌తో వేడి చేసి చిమ్నీలోకి పంపుతున్నారు, మధ్యలో అది ఇనుముకి పొలుసు పట్టిస్తోంది. మీ బాధ రెండూ ఇక్కడివే. ఆయిల్ బర్నర్‌కి 2 నుంచి 4 శాతం మధ్య ఉంచడానికి ప్రయత్నించండి, కార్బన్ మోనాక్సైడ్ కూడా చూస్తూ. అది పెరగడం మొదలైందంటే గాలి మరీ తగ్గించారని అర్థం. ఎనలైజర్ కొనలేకపోతే ఎనర్జీ ఆడిట్ చేసేవాళ్లని పిలిపించి ఒక రోజు కొలిపించండి, తక్కువ మంట దగ్గర, ఎక్కువ మంట దగ్గర రెండుచోట్లా కొలిచి, వాల్వ్‌ల మీద పెయింట్‌తో గీతలు పెట్టించుకోండి. కొలిచేటప్పుడు తలుపు సందుల నుంచి బయటి గాలి లోపలికి లాగుతుంటే మీటరు ఎక్కువ ఆక్సిజన్ చూపిస్తుంది, మీరు బర్నర్ గాలి తగ్గిస్తారు, పొగ వస్తుంది. అందుకే డ్యాంపర్‌తో ఫర్నేస్ లోపల చాలా కొద్దిపాటి పాజిటివ్ ప్రెషర్ ఉంచాలి, తలుపు సందులో మంట నాలుక బయటికి రాకుండా, లోపలికి గాలి లాగకుండా.

మంట పెంచేటప్పుడు ముందు గాలి, తర్వాత ఆయిల్. తగ్గించేటప్పుడు ముందు ఆయిల్, తర్వాత గాలి. ఇది తప్పితే ప్రతిసారీ కాసేపు నల్ల పొగ ఖాయం.

ప్రశ్న: పెంబర్తి దగ్గర ఇత్తడి పోత పని చేస్తాం. గుంట కొలిమికి ఎల్పీజీ బర్నర్ పెట్టాం. అరగంట తర్వాత సిలిండర్ మీద మంచు పట్టి మంట చిన్నదైపోతుంది. సిలిండర్ పడుకోబెడితే బాగా వస్తుందని ఒకరు, వేడినీళ్లు పోయమని ఒకరు చెప్పారు.

జవాబు: రెండూ వద్దు. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవం పైపులోకి వస్తుంది. ఒక లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల గ్యాస్ అవుతుంది, ఆ బర్నర్ దాన్ని అదుపు చేయలేదు, మంట ఒక్కసారిగా గుంట బయటికి లేస్తుంది. మంచు పట్టడానికి కారణం, సిలిండర్ ఇవ్వగలిగిన దానికంటే మీరు వేగంగా గ్యాస్ లాగుతున్నారు. ద్రవం ఆవిరవ్వడానికి కావాల్సిన వేడి సిలిండర్ గోడ నుంచే తీసుకుంటుంది కాబట్టి అది చల్లబడుతుంది, ప్రెషర్ పడిపోతుంది. విరుగుడు రెండు మూడు సిలిండర్లని మానిఫోల్డ్‌తో (అన్నిటి గ్యాస్‌ని ఒకే పైపులోకి తెచ్చే అమరికతో) కలపడం, అప్పుడు ఒక్కోదాని మీద భారం తగ్గుతుంది. ఎల్పీజీ సిలిండర్లు ఒకేచోట 100 కిలోలు దాటితే లైసెన్సు అవసరమవుతుంది, 19 కిలోలవి ఐదు అయితే 95, ఆ లెక్క గుర్తుంచుకోండి.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది మీ ఉత్తరంలోని "గుంట" అనే మాట. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే పైకి పోదు, నేల మీద పాకి గుంటలోకి దిగి అక్కడే ఉంటుంది. గాలిలో 2 శాతం ఉన్నా అంటుకుంటుంది. కాబట్టి రోజూ వెలిగించే ముందు గుంటలోకి బ్లోయర్ గాలి కొట్టండి, కిందికి వంగి వాసన చూడబోకండి, ముఖం అక్కడే ఉంటుంది. జాయింట్లకి సబ్బు నురగ పెట్టి బుడగలు చూడండి, అగ్గిపుల్లతో ఎప్పుడూ కాదు. సిలిండర్లు గుంటకి దూరంగా, నిలువుగా, గాలి ఆడేచోట. ఇక ఇత్తడి పోసేవాళ్లకి ఒక మాట: జింక్ 907 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, ఇత్తడి కరిగేది కూడా ఇంచుమించు అక్కడే. మూస మీద తెల్లటి పొగ లేస్తుందంటే వేడి ఎక్కువైంది, ఆ పొగ పీల్చితే రాత్రికి చలిజ్వరం వస్తుంది. మంట తగ్గించండి, గాలికి ఎగువన నిలబడండి.

ప్రశ్న: నాజిల్ మూసుకుపోతే సైకిల్ పుల్లతో పొడుస్తాం. తప్పా?

జవాబు: తప్పే. ఆ రంధ్రం కొలతపెట్టి చేసింది, ఇనుప పుల్లతో గీరితే పెద్దదవుతుంది, వంకరవుతుంది, మంట ఒకవైపుకి తిరిగి ఇటుకల్ని తింటుంది. విప్పి డీజిల్‌లో నానబెట్టి, ఇత్తడి బ్రష్‌తోనో చెక్క పుల్లతోనో శుభ్రం చేయండి. చిన్న డీజిల్ బర్నర్ నాజిల్ అయితే శుభ్రం చేయడం కంటే మార్చడమే మేలు, అదే సైజు, అదే స్ప్రే కోణం ఉన్నది. ఇంతకీ నాజిల్ దాకా చెత్త ఎందుకొస్తోంది? స్ట్రెయినర్లు (ఆయిల్ వడకట్టే జాలీలు) మూడుచోట్ల ఉండాలి: ట్యాంకు తర్వాత ముతకది, పంపుకి ముందు 40 మెష్ (అంగుళానికి 40 కళ్లున్న జాలీ), హీటర్ తర్వాత 100 మెష్. ట్యాంకు అడుగు వాల్వ్ నుంచి రోజూ నీళ్లు వదలండి. పంపు గ్లాండ్ (తిరిగే షాఫ్ట్ చుట్టూ ఆయిల్ కారకుండా ఉండే బిగింపు) నుంచి చుక్క కారుతుంటే అలాగే వదిలేయకండి, సెకనుకు ఒక్క చుక్క అయినా, మిల్లీలీటరుకు 20 చుక్కల లెక్కన, ఏడాదికి 1,500 లీటర్లు దాటుతుంది.

ప్రశ్న: వానకాలంలో ఫర్నేస్ రెండు నెలలు ఆపి, లోపల కొత్త క్యాస్టబుల్ (వేడికి తట్టుకునే కాంక్రీటు లాంటి పూత) వేయించాం. ఎప్పటిలాగే వెలిగించొచ్చా?

జవాబు: వద్దు. కొత్త క్యాస్టబుల్ నిండా నీళ్లే. ఒక్కసారిగా వేడి చేస్తే లోపలి నీరు ఆవిరై దారి దొరక్క పెచ్చులుగా పేలుస్తుంది, ఒక్కోసారి మనిషి మీదికి. సంచీ మీద లేదా కంపెనీ కాగితంలో ఎన్ని గంటలకి ఎంత వేడి పెంచాలో ఉంటుంది, అదే పాటించండి. మామూలుగా మొదట చిన్న కట్టెల మంటతో 110 డిగ్రీల చుట్టుపక్కల చాలాసేపు ఉంచుతారు, తర్వాత బర్నర్‌ని అతి తక్కువ మంట మీద పెట్టి గంటకి 25 నుంచి 50 డిగ్రీలకి మించకుండా పెంచుతారు. మంట నేరుగా కొత్త గోడకి తగలనివ్వకండి. బయటి ఇనుప షెల్ రంధ్రాల నుంచి ఆవిరి వస్తున్నంతసేపు వేడి పెంచకుండా అక్కడే ఆపండి.